చేతులు మారిన డీజిలు కారు

గుంటూరినుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసియున్నారు. భర్తగారు 2017వ సంవత్సరపు స్కోడా ఆక్టేవియా డీజిలు కారొకటి చూచి వచ్చినారట. క్రొత్తదాని వెలలో మూడవవంతునకే అంతటి హోదాగల బండి దొరకుచున్నదని యింటిల్లిపాదియు సంబరపడుచున్నారట. అయితే ఆ సొమ్ము కుమార్తె కళాశాల చదువునకై దాచినది. యంత్రముల సంగతి తనకు తెలియదు గనుక నోరు విప్పుటకు సంకోచముగా నున్నదని యామె వ్రాసినారు.

ఈ సంకోచము తగదు. చీర కొనునప్పుడు అంచును, మడతను, వెనుకవైపును చూచు కన్నులకు కారును చూచుట అసాధ్యము కాదు.

కారు మంచిదే. రెండు లీటర్ల ఇంజను. రాజమార్గమున నిలుకడగా పరుగిడును. కాని యిట్టి పెద్దకార్ల విషయమున మొదట గ్రహింపవలసిన దొకటి కలదు. బండి వెల యేటేట తగ్గునుగాని విడిభాగముల వెల తగ్గదు. కారు పాతవెలకు వచ్చును, మరమ్మతు మాత్రము క్రొత్తకారు వెలకే వచ్చును. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు లేదు. గాలిని మిక్కిలి గట్టిగా అదిమి, ఆ వేడిమికే ఇంధనము మండునట్లు చేయుదురు. అందుచే నందలి భాగములు బలమైనవి, ఇంధనమును చిమ్ము ఇంజెక్టరులు బహు సున్నితమైనవి, రెండును ఖరీదైనవే.

డీజిలుచే ఎంత మిగులునో లెక్క వేయుదము. నెలకు 480 కిలోమీటర్లు తిరుగు కుటుంబ మనుకొందము. లీటరుకు 12 కిలోమీటర్లిచ్చు పెట్రోలు కారునకు 40 లీటర్లు కావలెను. 16 ఇచ్చు డీజిలు కారునకు 30 చాలును. లీటరు నూరు రూపాయ లనుకొన్నచో నెలకు వేయి, ఏటికి పండ్రెండువేలు మిగులును. ఒక్క పెద్ద మరమ్మతు వచ్చెనా, కొన్నియేండ్ల మిగులు ఒక్కనాడే పోవును. నెలకు రెండువేల కిలోమీటర్లు తిరుగువారి లెక్క వేరు. వారికి డీజిలు నిజముగా కలిసివచ్చును.

తిరుగు దూర మొక్కటే కాదు, తిరుగు విధముకూడ చూడవలెను. బడికి రెండు కిలోమీటర్లు, కూరగాయల బజారుకు మూడు, ఇట్లు తిరుగు బండిలో ఇంజను పూర్తిగా వేడెక్కకముందే ఆగిపోవును. డీజిలు పొగలోని మసి లోపలి దారులలో పేరుకొనును. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన భారత్ స్టేజి 6 నియమమునకు లోబడిన డీజిలు కార్లలో పొగగొట్టమున మసిని పట్టు జల్లెడ యుండును. బండి కొంతసేపు ఎడతెగక వేగముగా పోయిననే ఆ మసి కాలి బూడిద యగును. ఊరిలో మాత్రమే తిరిగినచో జల్లెడ మూసికొనిపోవును. మన సోదరి చూచుచున్నది అంతకు ముందటి కారు; అయినను సంక్షేపమేమనగా, చిన్న పయనములకు డీజిలు పనికిరాదు.

ఇక బండిని చూచుట. ఉదయముననే, ముందుగా స్టార్టు చేయవలదని చెప్పి వెళ్లవలెను. ముందరి మూత చేతితో తాకిచూడుడు. వెచ్చగా నున్నచో ఏదియో దాచుటకై ముందే నడిపించినారని అనుమానింపవచ్చును. చల్లని ఇంజను సులువుగా అందుకొనవలెను. నల్లనిపొగ విస్తారముగా వచ్చినచో ఇంధనము సరిగా మండుట లేదు. నీలిపొగ యైనచో ఇంజను నూనె కాలుచున్నది. డీజిలు ఇంజను నూనె త్వరగా నల్లబడుట సహజము, దానికి భయపడ నక్కరలేదు. నూనెమూతక్రింద మజ్జిగవంటి తెల్లనిపూత కనబడినచో మాత్రము మెకానిక్కు చూడనిదే ముందుకు పోరాదు.

మీటరుమీది అంకెను నమ్మవలదు. నలువదివేలే తిరిగినదని చెప్పు కారులో బ్రేకు పెడలు రబ్బరు నున్నగా అరిగిపోయియున్నచో మీటరు అబద్ధమాడుచున్నది. టైరు ప్రక్కన నాలుగంకెలు అచ్చువేసి యుండును. 2319 అనగా 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని. సర్వీసు పుస్తకము తప్పక అడుగవలెను. ఈ కారు ఆటోమేటిక్ గేరుబాక్సు గలదైనచో, అరువదివేల కిలోమీటర్ల కొకసారి దాని నూనె మార్చిన రసీదు ఉండవలెను. ఇంజనులోని టైమింగు బెల్టు ఎప్పుడు మార్చిరో అడుగుడు. అది రబ్బరుది, తెగినచో ఇంజను లోపలనే విరుగును. జవాబు లేనిచో ఆ ఖర్చును బేరములో తగ్గించి కట్టవలెను.

వరదనీట మునిగిన కార్లు వేరొక గండము. 2020 అక్టోబరున హైదరాబాదులోను, 2024 సెప్టెంబరున బుడమేరు పొంగి విజయవాడలోను ఎన్నియో బండ్లు నీట మునిగెను. తివాచి ఎత్తి వాసన చూడుడు. సీట్ల ఇనుపపట్టాలకు తుప్పు, స్టెప్నీ గుంటలో సన్నని బురదచార కనబడినచో ఎంత చౌకైనను తిరిగి వచ్చుటయే మేలు.

కాగితములను మేమందరికంటె ఎక్కువగా పట్టించుకొందుము. ఆర్.సి.లో బ్యాంకు పేరున్నచో అప్పు తీరినదని బ్యాంకు పత్రమును, 35వ ఫారమును చేజిక్కినగాని సొమ్మీయరాదు. పేరుమార్పునకు 29, 30 ఫారములు కావలెను. ముప్పదిదినములలో దరఖాస్తు పెట్టవలెను. బీమాను పదునాలుగు దినములలో మన పేరికి మార్పించుకొనవలెను. ఢిల్లీ నంబరు బండ్లు చౌకగా వచ్చుటకు కారణ మున్నది. పదేండ్లు దాటిన డీజిలు బండ్లు అచట తిరుగరాదని 2015లో జాతీయ హరిత న్యాయాధికరణము ఆజ్ఞాపింపగా, 2018లో సుప్రీంకోర్టు సమర్థించెను; 2025లో కొంత సడలింపు కలిగెను. అట్టి బండికి నిరభ్యంతర పత్రము తెచ్చి, మన రాష్ట్రమున మరల జీవితకాలపు పన్ను కట్టవలెను. అదంతయు కలిపి చూచినగాని చౌకయో కాదో తెలియదు.

మన సోదరికి మా జవాబు: మీ తిరుగుడు బడికి, బజారుకు, నెలకొకసారి తెనాలికి అయినచో ఈ కారు మీకు వలదు, చిన్న పెట్రోలు కారు చాలును. భర్తగారికి వారమువారము హైదరాబాదు పయన మున్నచో ఆలోచింపవచ్చును. అప్పుడైనను కుమార్తె ఫీజు సొమ్మును ముట్టక, మరమ్మతులకు వేరొక మొత్తము చేత నుంచుకొనియే. బేరమునకు మీరునూ వెళ్లుడు. అమ్మువాడు చూపిన మెకానిక్కును కాక మీరెరిగినవానిని వెంటబెట్టుకొని, వాని కూలి మీరే యిచ్చికొనుడు. అతడు చూచి చెప్పువరకు బయానా ఈయవలదు.