షాడో జేబు కొడుతున్నాం

పటమట హాస్టళ్లలో మధుబాబు ‘షాడో’ నవలలు ఇంకా తిరుగుతున్నాయి, వాట్సాప్‌లో, పీడీఎఫ్‌లుగా, ఉచితంగా. చట్టానికి దొరక్కుండా తిరిగి, తర్వాత సీఐబీ ఏజెంటైన షాడో దొంగల్నే కొట్టేవాడు. మనం రాసినాయన జేబు కొడుతున్నాం. కాపీరైట్ రచయిత జీవితకాలం, ఆపైన మరో 60 ఏళ్లు ఉంటుంది. అద్దె పుస్తకాల షాపువాడైనా ఒక కాపీ కొనేవాడు!

పోనీ ఆ స్కాన్‌లు చదవగలమా? మసక అచ్చు, వెతికితే ఒక్క మాటా దొరకదు. ఓసీఆర్ చేస్తే వత్తులు ఎగిరిపోతాయి. అనూ ఫాంట్ల ఫైళ్లయితే యూనికోడ్‌లోకి మార్చాలి, ఆపైన మనిషి కూర్చుని తప్పులు దిద్దాలి. కోడింగ్, తెలుగు రెండూ వచ్చిన బీటెక్ వాళ్లకి ఇది పనే. ఏలూరు రోడ్డు పబ్లిషర్ల దగ్గరికి వెళ్లండి. హక్కులు ఎవరివో అడగండి, ఒక చాప్టర్ చేసి చూపించండి, పేజీకి రేటు ముందే మాట్లాడుకోండి.