తేజకీ తాలుకీ అవే వరుసలు

పత్తి, మిర్చి చేల నడుమ లేచిన ఇంజనీరింగ్ కాలేజీల్లో పైథాన్ చెబుతున్న మేం, గుంటూరు, ప్రకాశం పిల్లలకు నకలు కొట్టడాన్నే ప్రోగ్రామింగ్ అని నేర్పాం. తప్పు పిల్లలది కాదు, మాది.

మిర్చి యార్డులో రైతుకిచ్చే అమ్మకం చీటీ, తక్‌పట్టీ, లెక్క వేసే ప్రోగ్రామే తీసుకోండి. ఇఫ్ కింద తేజ రకం మిర్చి: తూకంలోంచి సంచుల బరువు తీసెయ్, ధరతో హెచ్చవెయ్, కమీషన్ తగ్గించు, హమాలీ తగ్గించు, ప్రింట్ చెయ్. ఎలిఫ్ కింద 334 రకం: మళ్లీ అవే ఐదు వరుసలు. 341కి, బ్యాడిగికి, ఆర్మూరుకి అవే. చివర ఎల్స్ కింద తాలు, అంటే నాసి కాయ. మారేది ధర ఒక్కటే. అయినా అవుట్‌పుట్ సరిపోయిందని రికార్డులో సంతకం పెట్టేశాం. రేపు హమాలీ రేటు మారితే ఐదుచోట్ల దిద్ది ఆరోది మరిచిపోతారు. అంతకన్నా ఘోరం ఆ ఎల్స్. తేజ పేరులో ఒక్క అక్షరం తప్పు పడినా ప్రోగ్రాం కిక్కురుమనదు, మేలు కాయను తాలు ధరకు కట్టేస్తుంది. మార్టూరు నుంచో వినుకొండ నుంచో మిర్చి టిక్కీలు వేసుకొచ్చిన రైతుకు అది ఏడాది కష్టం. ఆయన పిల్లలే మా క్లాసుల్లో కూర్చునేది.

ధరలన్నీ ఒక డిక్షనరీలో పెట్టి, లెక్క ఒక్కసారి రాస్తే చాలు. పేరు తప్పయితే పైథాన్ కీ-ఎర్రర్ అంటూ అక్కడే ఆగిపోతుంది. తాలుకి నిజంగానే వేరే కోత ఉంటే దాని షరతు దానికి ఉండాల్సిందే, అన్నీ కలిపేయమని కాదు. ఏ విషయమైనా కోడ్‌లో ఒక్కచోటే ఉండాలని ఆండ్రూ హంట్, డేవిడ్ థామస్ 1999లోనే పుస్తకంలో రాశారు. మాలో చాలామంది చదవలేదు, చదివినవాళ్లం చెప్పలేదు. 2021 అక్టోబరులో పైథాన్ 3.10తో మ్యాచ్-కేస్ వస్తే, అవే నకలు వరుసల్ని కేస్‌ల కింద రాయించి కొత్త పాఠం చెప్పామనుకున్నాం.

పేజీలు నిండితే మార్కులు వేశాం. కురచగా రాసుకొచ్చిన పిల్లను "స్టెప్పులేవమ్మా?" అని వెనక్కి పంపాం. వైవాలో ఒక్క ప్రశ్న సరిపోయేది: "యార్డుకి కొత్త రకం వస్తే నీ కోడ్‌లో ఎన్నిచోట్ల చెయ్యి పెట్టాలి?" అది మేం అడగలేదు. అడిగితే, బోర్డు మీద మేం రాసిన కోడ్‌కే ముందు జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది.