తీరికలేనివాళ్ళ అల్లిక

“తీరిక ఉన్నవాళ్ళు అల్లుకుంటారు” అన్న మాట నేను నలభై యేళ్ళుగా వింటున్నాను. ఉపాధ్యాయుల గదిలో విన్నాను, పెళ్ళిపందిళ్ళలో విన్నాను, రైలుపెట్టెలో ఎదుట కూర్చున్న అపరిచితుల నోట కూడా విన్నాను. అన్నవారిలో ఎవరికీ దురుద్దేశం లేదు. అయినా ఆ మాట తప్పని నా అభిప్రాయం. ఎందుకు తప్పో చెప్పడానికే ఈ టపా.

అల్లిక తీరికలేనివాళ్ళ పని. పొయ్యిమీద పాలు పెట్టి కూడా అల్లవచ్చు. పిల్లవాడు ఎక్కాలు ఒప్పజెప్పుతుంటే వింటూ అల్లవచ్చు. పిలుపు రాగానే ఆ వరుస ముగించి సూదులు పక్కన పెడితే, మరునాడు మళ్ళీ అక్కడినుండే అందుకోవచ్చు. చదువుతున్న పుస్తకాన్ని ఇన్నిసార్లు మూస్తే కథ తెగిపోతుంది. ముగ్గు సగంలో వదిలితే ఎవరో ఒకరు తొక్కుతారు. ఎన్ని ముక్కలుగా తెగిన కాలాన్నైనా సహించే పని కనుకనే అల్లిక మన ఇళ్ళలో నిలిచింది. సంసారం స్త్రీకి వదిలిపెట్టేది ఆ ముక్కలే కదా.

పండిత శిక్షణ పొందినదాన్ని కనుక మాటల దగ్గర కాసేపు ఆగక తప్పదు, మన్నించాలి. జడను అల్లుతాము, బుట్టను అల్లుతాము, పందిరిమీద తీగ అల్లుకుంటుంది, లేని కథలనూ అల్లుతాము. అల్లసాని పెద్దన కవిత్వాన్ని మెచ్చుకోవలసి వచ్చినప్పుడు తెలుగువారు ఎంచుకున్నదీ అల్లిక అన్న మాటనే. ఆంధ్రకవితాపితామహునికి కీర్తి తెచ్చిన మాట మా ఇంటి అరుగుమీదికి వచ్చేసరికి కాలక్షేపంగా ఎందుకు మారిందో నాకు అర్థం కాదు. ఇంకొక ముచ్చట. ‘ఉన్ని’ సంస్కృత ‘ఊర్ణ’కు వికృతి. ‘ఊలు’ ఇంగ్లీషు నుండి వచ్చింది. భాషాశాస్త్రజ్ఞుల మాట ప్రకారం ఆ ఇంగ్లీషు పదానికీ మన ఊర్ణకూ మూలం ఒక్కటే. అంటే వేరువేరు దారుల్లో నడిచి వచ్చిన అక్కచెల్లెళ్ళు తెలుగింట్లో కలుసుకున్నారన్నమాట. అయితే నేడు అంగళ్ళలో ఊలు పేరిట దొరికేదానిలో అధికభాగం ఊలూ కాదు, ఉన్నీ కాదు, అక్రిలిక్ దారం. ఉతికినా ముడుచుకోదు, ధర తక్కువ. నేనూ దానితోనే అల్లుతాను.

రాయలసీమలో ఊలు అల్లికేమిటి, నంద్యాల ఎండలకు స్వెట్టరా అని నవ్వేవారున్నారు. నవ్వండి, కానీ మా చలినీ తక్కువ చేయకండి. ధనుర్మాసంలో తెల్లవారుజామున బేతంచెర్ల స్టేషనులో రైలు కోసం నిలబడినవారికి అది తెలుస్తుంది. పైగా పసిబిడ్డ చెవులకు గాలి తగలరాదన్న నియమం మన ఇళ్ళలో ఋతువును చూడదు. నడివేసవిలో పుట్టిన బిడ్డకు కూడా ఊలు టోపీ, మేజోళ్ళు కావాలని కబురు వస్తుంది. నా చేతిమీదుగా వెళ్ళినవాటిలో అవే ఎక్కువ.

అసలు చిక్కు ఏమిటంటే, తొడుక్కునేవారి ఋతువూ అల్లేవారి ఋతువూ ఒకటి కావు. కార్తీకంలో చలి మొదలయ్యేనాటికి స్వెట్టరు సిద్ధంగా ఉండాలంటే భాద్రపదం దాటకముందే కుట్లు ఎక్కించాలి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది, ఆ తరువాత పూర్తయిన స్వెట్టరు పెట్టెలోకే వెళ్ళాలి. వచ్చే యేటికి పిల్లవాడు పెరిగిపోతాడు. భాద్రపదానికి ముందు శ్రావణం. నోములు, వ్రతాలు, వచ్చిపోయే బంధువులు. తరువాత దసరా, దీపావళి. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఫాల్గుణ చైత్రాలు జవాబుపత్రాలకే సరిపోయేవి. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో ఊలు ముట్టుకోలేము. వేళ్ళ చెమటకు దారం సూదిమీద జరగదు. అందుచేత వేసవిలో ఊలు మాని నూలుదారం పట్టుకుంటాను, కొన వంగిన ఒంటి సూదితో లేసు అల్లుతాను. ఆ వేసవిలోనే ఊరగాయలు, వడియాలు, సెలవులకు వచ్చే పిల్లలు. ఏ మాసం చూసినా ఖాళీ లేదు. తీరిక ఉన్నవాళ్ళ పని అట!

మా ఊరికి పంచాంగంలో లేని ఋతువు మరొకటుంది. నాపరాతి పొడి. గనులూ, బండల పాలిష్ ఫ్యాక్టరీలూ మా ఊరికి అన్నం పెడుతున్నాయి, కాదనను. కానీ తెల్లదారం ఒక్క పూట బయట ఉంటే బూడిదరంగుకు తిరుగుతుంది. మూతకు రంధ్రం పొడిచిన డబ్బాలో ఉండ పెట్టి, ఆ రంధ్రంలోనుంచి దారం లాగుతూ అల్లడం ఇక్కడ అలవాటు చేసుకోవలసిందే.

ఇప్పుడు అసలు విషయం. ఎప్పుడైనా ఆపగల పని అని పైన పొగిడాను. ఆ గుణమే ఉరి కూడా. ఎప్పుడైనా ఆపగల పని చేసే మనిషిని ఎప్పుడైనా పిలవవచ్చు. ఆపవచ్చు కనుక అది పని కాదు, పని కాదు కనుక దానికి లెక్క లేదు. ఇది కేవలం ఇంటి గొడవ కాదనడానికి మన తెలుగునాటే పెద్ద నిదర్శనం ఉంది. నరసాపురం లేసు పందొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన విద్య. గోదావరి డెల్టాలో ఇంటింటా పాకి, ఐరోపా అమెరికాల భోజనబల్లలమీదికి చేరింది. జర్మనీకి చెందిన మరియా మీస్ అనే సామాజికశాస్త్రజ్ఞురాలు ఆ ఊళ్ళలో తిరిగి ఆ స్త్రీలతో మాట్లాడి వ్రాసిన పుస్తకం 1982లో వెలువడింది. ఆమె చూసినది ఇదీ. చేతిపని ఒకరు, అతుకుపని మరొకరు చేస్తారు. రోజులో సగం పూట అందులోనే గడుస్తుంది. కూలి మాత్రం పొలంపనికి ఇచ్చేదానికంటే తక్కువ. కారణం? వారు కార్మికులు కారు, తీరిక వేళలో ఏదో అల్లుకునే గృహిణులు! గడప దాటనవసరం లేని పని కనుక మర్యాదైనదని ఆ ఇళ్ళవారూ అనుకున్నారు. సరుకు దేశాలు దాటింది, అల్లినవారు వీధి దాటలేదు. ‘తీరిక’ అన్న ఒక్క మాట ఎంత కూలిని మింగగలదో ఆ పుస్తకం చూపిస్తుంది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది, గంటలను లెక్కపెట్టదు.

గంటల లెక్కా లేకపోలేదు. ఎవరి కాలం దేనికి పోతున్నదని కేంద్రప్రభుత్వం దేశవ్యాప్తంగా సర్వే చేయించింది. జీతం లేని ఇంటిపని చేసేవారిలో 2019లో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు గడిపారు. 2024లో మళ్ళీ చూస్తే అవి 289, 88 అయ్యాయి. అయిదేళ్ళలో స్త్రీకి మిగిలినది పది నిమిషాలు. నా చేతికి అవి రెండు మూడు వరుసలు. మగవారికీ దాదాపు అంతే మిగిలిందన్నది గమనించారా?

అల్లడం స్త్రీస్వభావం అనేవారికి ఒక సంగతి. పెరూ దేశంలో టిటికాకా సరస్సు నడుమ తకీలె అనే దీవి ఉంది. అక్కడ సూదులతో టోపీలు అల్లేది మగవారు. మగపిల్లలు చిన్ననాటనే నేర్చుకుంటారు. ఆ దీవి నేతకళను యునెస్కో 2005లో గుర్తించింది. అంత దూరం పోనక్కరలేదు. మన కురుబల ఇళ్ళలో ఉన్ని వడికేది ఆడవారు, చింతగింజల గంజి పెట్టిన దారంతో మగ్గంమీద కంబళి నేసేది మగవారు. ఆ మగ్గాన్ని చూసి తీరికగా ఉన్నావే అని ఎవరూ అనరు.

నేను ఉద్యోగవిరమణ చేసిన నాటినుండి సాయంత్రం నాలుగు మొదలు ఆరు వరకు అల్లికకు కేటాయించుకున్నాను. ఆ రెండు గంటలు నన్ను పిలవకూడదు. విని బంధువులు నొచ్చుకున్నారు. మా కోడలు నంద్యాలకు రోజూ ఉద్యోగానికి వెళ్ళి వస్తుంది, మనవడు బడినుండి వచ్చేది సరిగ్గా ఆ వేళకే. “అత్తా, ఆ రెండు గంటలు ఇంకెప్పుడైనా పెట్టుకోరాదా?” అని అడిగింది. ఆమె అడిగినదానిలో న్యాయం ఉంది. నా కాలాన్ని నేను కాపాడుకుంటే దాని బరువు మరొక స్త్రీమీద పడితే అది ఏమి స్వాతంత్ర్యం? కానీ ఆ ప్రశ్న ఆమె నన్నే ఎందుకు అడగవలసి వచ్చింది? ఇంట్లో ఇంకా ఇద్దరు మగవారున్నారు. ఆ సంగతి భోజనాల వేళ అందరి ఎదుటా పెట్టాను. రెండు రోజులు ఇల్లు బిగుసుకున్నది. ఇప్పుడు పిల్లవాణ్ణి బడినుండి తెచ్చి పాలు కాచి ఇచ్చేది మా వారు. మొదట్లో పాలు పొంగిపోయేవి, ఈ మధ్య పొంగడం లేదు. ఇంటిశాంతి కోసం నోరు మూసుకోవడం మంచిదని సలహా ఇచ్చిన మిత్రురాళ్ళతో నేను ఏకీభవించను. వారు చెప్పే ఆ శాంతికి సాధారణంగా ఒక్కరే వెల చెల్లిస్తుంటారు.

అల్లిక మాటున ఇంటినుండి తప్పించుకోవడం కూడా ఉందని ఒప్పుకోవాలి. చేతిలో సూదులుంటే కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పనక్కరలేదు, తల వంచుకొని కుట్లు లెక్కపెడితే చాలు. దాన్ని నేను దోషమనుకోను. మగవారు అదే పనికి వార్తాపత్రిక వాడలేదా?

అమ్ముకోవచ్చు కదా అంటారు కొందరు పిల్లలు, ఫోనులోనే అంగడి పెట్టవచ్చట. పిల్లల స్వెట్టరు ఒకటి నాకు నలభై గంటలు తీసుకుంటుంది. యంత్రంమీద అల్లిన స్వెట్టరు పక్కనే వేలాడుతూ ఉంటే నా నలభై గంటలకు దినకూలి కట్టి కొనేవారెవరు? అమ్మకూడదని కాదు, జీవనం కోసం అమ్మేవారికి సరైన ధర రావాలనే నా కోరిక. నాకు పింఛను ఉంది కనుక నా పనికి అవమానకరమైన ధర కట్టించుకోవలసిన అగత్యం లేదు. ఆ వెసులుబాటు నరసాపురం స్త్రీలకు లేదు.

“మా మనవరాలికొకటి అల్లిపెట్టరాదా, మీకు తీరికే కదా” అని వచ్చేవారికి ఇప్పుడొక జవాబు తయారుచేసుకున్నాను. ఊలు మీరు తెచ్చుకోండి, సూదులు నేనిస్తాను, నాలుగింటికి వచ్చి నా పక్కన కూర్చోండి. ఇంతవరకు ముగ్గురు వచ్చారు. ఒకరు రెండో రోజే మానేశారు. ఒకామె పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తుంది, ఆదివారాలు మాత్రమే రాగలదు. ఆమె చేతిబిగువు నాకంటే బాగుంది. మూడోవాడు మా మనవడు. పాలు తాగి నేరుగా వస్తాడు. వాడు అల్లుతున్న టోపీకి అంచు వంకరగా తిరిగింది, విప్పమంటే విప్పడు.