నమ్ముతవా అని కాదు, ఏ సగ అని అడుగుతరు



మొన్న రాత్రి హాస్టల్‌లో పన్నెండు దాకా ఒకటే లొల్లి. మా సీనియర్ అన్న ఒకరు "నేను నాస్తికుణ్ణి, ఈసారి నాగోబా జాతరకు రాను" అని తేల్చి చెప్పిండు. ఇంకో తమ్ముడికి కోపమొచ్చి "పేన్‌ను నమ్మనోడు గోండు ఎట్లయితడు?" అని లేచిండు. అప్పుడు నేను ఏం మాట్లాడలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్న.

ముందు తమ్ముడికి ఒక మాట. మన గూడేనికి కొత్త మనిషి వస్తే "దేవుణ్ణి నమ్ముతవా?" అని ఎవరన్నా అడగంగ విన్నవా? ఇంటిపేరు అడుగుతరు, ఏ సగ అని అడుగుతరు. నాలుగు దేవతలా, ఐదా, ఆరా, ఏడా. అది తెలిస్తే వచ్చినాయన మనకు అన్న వరసా, బావ వరసా అన్నది తేలిపోతది. తర్వాత కూర్చోబెట్టి నీళ్లిస్తరు. మనసులో ఏముందో ఎవరూ తవ్వి చూడరు.

కేస్లాపూర్ సంగతే చూడు. పుష్య మాసంలో మెస్రం వంశం వాళ్లు కాలినడకన హస్తినమడుగు పోయి, ఝరిలో గోదావరి నీళ్లు తెస్తరు. అమావాస్య రాత్రి ఆ నీళ్లతోనే నాగోబాకు పూజ. కొత్త కోడళ్లను దేవుడి ముందు నిలబెట్టి భేటింగ్ చేయిస్తరు, అప్పటినుంచి ఆమె వంశంలో మనిషి. ఆ నడిచేటోళ్లలో గట్టిగా నమ్మి నడిచేది ఎందరు, తాత నడిచిండు కాబట్టి నడిచేది ఎందరు? ఎవరూ లెక్క తియ్యలేదు. నీళ్లయితే ప్రతి ఏడూ వస్తున్నయి.

చట్టం కూడా ఆ లెక్క అడగలేదు. 1950 నాటి ఎస్సీ ఉత్తర్వులో మతం షరతు ఉంది, ఎస్టీ ఉత్తర్వులో అట్లాంటి షరతు లేదు. మరి సర్కారే పెట్టని షరతు మనకు మనమే పెట్టుకునుడు ఎందుకు? చర్చికి పోయే మన అక్కలను, చెల్లెళ్లను గూడెంలో వేరుగా చూసేటోళ్లు కూడా ఇది ఒకసారి ఆలోచించాలె.

ఇక అన్నకు. అన్నా, నీకు పోయినేడు సంబంధాలు చూసినప్పుడు సొంత సగలో ఒక్కటి కూడా చూడలేదు. ఆ రాత్రి అడిగితే "అది వేరే" అని నవ్వినవు. వేరే ఎట్లయితది? మన పేన్ సగం ఆ కట్టుబాటులోనే ఉన్నడు. గుడి దగ్గర మాత్రమే ఉన్నడనుకుని లేడని కొట్టిపారేస్తున్నవు. అది మన దేవుణ్ణి చూసి అన్న మాట కాదనిపిస్తది నాకు, పుస్తకంలో ఎవరి దేవుడి మీదనో రాసింది చదివి అన్నట్టుంది.

అయితే ఒకచోట నేను అన్న దిక్కే. పాము కరిచిన పిల్లను రాత్రంతా మంత్రం దగ్గర కూర్చోబెట్టి, తెల్లారినంక ఆస్పత్రికి తెచ్చుడు మనలో చాలామంది ఇండ్ల దగ్గర చూసిందే. నాగోబాను మొక్కే మనం పాముకాటు దగ్గరనే తప్పు చేస్తున్నం. విషం విరిగే సూది సర్కారు దవాఖానలో ఉంటది, గంట గంటకూ ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తది. మొక్కుకోవాలంటే బండిలో కూర్చుని మొక్కుకోవచ్చు. "మా నమ్మకం" అని ఆ పిల్లను ఆపేటోళ్లను నేను సమర్థించ. నమ్మకం పెద్దోళ్లది, ప్రాణం పిల్లది.

అన్నా, పూజకు రాకున్నా పరవాలేదు, జాతరకు రా. మా ఇంటోళ్లు నాలుగు రోజులు అక్కడనే ఉంటరు. వంటకు కట్టెలు కొట్టే మనిషి తక్కువున్నడు.