ఫలకాలు పరిస్తే చాలదు



విశ్వవిద్యాలయాల పైకప్పులను సౌరఫలకాలతో నింపితే విద్యుత్ స్వయంసమృద్ధి దానంతటదే వస్తుందన్న గత సంచిక వ్యాసం సదుద్దేశంతో రాసినదే అయినా, అందులోని వాదన సగం దూరమే నడిచింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియాగో ప్రాంగణం తన విద్యుత్తులో అత్యధిక భాగాన్ని సొంతంగా తయారుచేసుకుంటున్న మాట నిజమే గాని, దానికి వెన్నెముక సౌరఫలకాలు కావు, 13.5 మెగావాట్ల గ్యాస్ టర్బైన్లు రెండు, వాటి వేడితో నడిచే 3 మెగావాట్ల ఆవిరి టర్బైన్. రాత్రి చల్లబరిచిన నీటిని పెద్ద ట్యాంకులో నిల్వచేసి పగటి ఏసీలకు మళ్లించడం, అంటే వాడకం వేళనే మార్చడం, అక్కడి అసలు నేర్పు.

తెలుగునాట హాస్టళ్లలో దీపాలు, ఫ్యాన్ల వాడకం పొద్దుగూకాక పెరుగుతుంది. అప్పటికి ఫలకాలు పనిచేయవు. పైగా గ్రిడ్‌కు కలిపిన మామూలు ఇన్వర్టర్, లైన్ మీద పనిచేసే సిబ్బందికి షాక్ తగలకుండా, సరఫరా పోగానే తానూ ఆగిపోయేలా తయారై ఉంటుంది కనుక, మిట్టమధ్యాహ్నం కరెంటు పోతే నిండుటెండలోనూ ప్రయోగశాలలోని ఫ్రీజర్ ఆగిపోతుంది. బయటి సరఫరా నుంచి విడివడి సొంతంగా నడవగల సూక్ష్మగ్రిడ్‌కు బ్యాటరీలు, నియంత్రణ వ్యవస్థ, భవనానికో స్మార్ట్ మీటరు కావాలి. ఫలకాలకు టెండర్లు పిలిచే ముందు కనీసం ఏడాదిపాటు ఏ గంటకు ఎంత వాడుతున్నారో కొలిచి, ఆ లెక్కలను బహిరంగపరచాలని విశ్వవిద్యాలయాల పాలకవర్గాలకు విజ్ఞప్తి.