ఆఖరి పది నిమిషాల్లో చెప్పే కారణం ఎవడిక్కావాలి?

మాస్ ఎఫెక్ట్ మూడో భాగం వచ్చింది 2012 మార్చిలో. ఇన్నేళ్ళయినా ఆ ఆట అభిమానులు ఇద్దరు కలిస్తే అవే రెండు తగాదాలు. రీపర్లు అసలీ పని ఎందుకు చేస్తున్నాయి? చేసేదేదో ముందే ఎందుకు చెయ్యలేదు? మా ఆఫీసు క్యాంటీన్లోనూ ఇదే గోల. ఒకడు "విలన్‌కి మోటివ్ లేదు, చెత్త కథ" అంటాడు. ఇంకొకడు "నీకర్థం కాలేదు బాసూ" అంటాడు. నాకు ఇద్దరితోనూ పేచీయే. (ఆడనివాళ్ళకి ముందే చెప్తున్నా, కథంతా బయటపెట్టేస్తున్నాను. తర్వాత నన్ననొద్దు.)

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కెనడాలోని బయోవేర్ వాళ్ళ ఆట ఇది. 2007, 2010, 2012ల్లో మూడు భాగాలు, కథ ఒకటే. మొదటిదాంట్లో మనం తీసుకున్న నిర్ణయాలు సేవ్ ఫైల్లో మూడోదాని దాకా వెంట వస్తాయి. రీపర్లంటే గెలాక్సీ బయట చీకట్లో దాక్కుని ఉండే మహా యంత్రాలు. 50,000 ఏళ్ళకోసారి వచ్చి, అంతరిక్షంలో తిరిగే స్థాయికి ఎదిగిన జాతులన్నిట్నీ పంట కోసినట్టు కోసుకుని పోతాయి. వాటిని ఆపాల్సింది కమాండర్ షెపర్డ్, అంటే మనం.

ముందు టైమింగు సంగతి చూద్దాం. "సావరిన్ అనే ఆ కాపలా రీపర్ 2183 దాకా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుందా?" అని వెక్కిరించేవాళ్ళు మొదటి ఆట హడావిడిగా ఆడేశారని నా అనుమానం. నిజానికి దాని ప్లాను చాలా శుభ్రంగా ఉంది. గెలాక్సీ మొత్తానికి రాజధానిలాంటి సిటడెల్ రీపర్లు పెట్టిన ఎర. సావరిన్ సిగ్నల్ పంపితే, అక్కడ పనివాళ్ళలా తిరిగే కీపర్లు తలుపు తీస్తారు. చీకట్లోంచి రీపర్లన్నీ తిన్నగా రాజధానిలోనే దిగుతాయి. పోయినసారి బలైన ప్రోథియన్లలో, ఐలోస్ గ్రహం మీద దాక్కుని మిగిలిన కొద్దిమంది శాస్త్రవేత్తలు, ఆ సిగ్నల్‌ని కీపర్లు పట్టించుకోకుండా చేసి పోయారు. మన భాషలో చెప్పాలంటే, యుగాలుగా నడుస్తున్న క్రాన్ జాబు ఒకరోజు నడవలేదు. ఎప్పుడో మానేసి వెళ్ళిపోయినవాడెవడో స్క్రిప్టు మార్చిపోయాడు. చూసుకోవడానికి ఉన్నది ఒక్క సావరినే, బయటపడితే దాని ప్రాణానికే ముప్పు. అంచేత సారెన్ లాంటి ఏజెంటుని లొంగదీసుకుని, గెత్ అనే యంత్రాల సైన్యాన్ని వెంటేసుకుని దొడ్డిదారి వెతుక్కుంది. ఇందులో మూర్ఖత్వమేమిటో నాకు కనపడలేదు.

అసలు చిల్లు మూడో ఆటలో ఉంది. 2186లో రీపర్లు ఆ తలుపుతో పనిలేకుండా, మామూలుగా ప్రయాణం చేసే వచ్చేశాయి. మూడేళ్ళలో! సరే, దీనికీ జవాబుంది. మొదటి ఆటలో మనం తప్పించింది దొంగదెబ్బని, ఆ మూడేళ్ళూ మనకి మిగిలిన గడువు. ఒప్పుకుంటాను. మరి వచ్చాక? ప్రోథియన్ల కాలంలో ముందు రాజధాని పట్టుకుని, రాకపోకల రిలేలు మూసేసి, ఏ గ్రహానికాగ్రహాన్ని ఒంటరిని చేసి చంపిన ఘనులు, ఈసారి సిటడెల్‌ని దాదాపు ఆట చివరిదాకా వదిలేస్తారు. రిలేలు బార్లా తెరిచే ఉంటాయి. షెపర్డ్ వాటిగుండా ఊరూరా తిరిగి సైన్యం పోగేసుకుంటూ ఉంటే చూస్తూ ఊరుకుంటారు. దీన్ని సమర్థించడానికి అభిమానులు అల్లే కథలు నేను చాలా విన్నాను. నా సమాధానం ఒక్కటే. సిటడెల్లో షాపులున్నాయి. సైడు మిషన్లిచ్చేవాళ్ళు సగంమంది అక్కడే తిరుగుతుంటారు. దాన్ని మొదటిరోజే పట్టుకుంటే ఆట డిజైనే కూలిపోతుంది :)

ఇహ మోటివ్. ఆట అయిపోవడానికి పది నిమిషాల ముందు కేటలిస్ట్ అనేది ఒకటి చిన్నపిల్లాడి రూపంలో ప్రత్యక్షమై, రీపర్ల యజమానిని నేనే అంటుంది. జీవులు ఎప్పటికైనా యంత్రాలు తయారుచేస్తాయి, ఆ యంత్రాలు తిరగబడతాయి, జీవజాతి మొత్తం నాశనమవుతుంది. అలా కాకుండా ముదిరిన జాతుల్ని ముందే కోసి రీపర్లుగా మార్చి దాచిపెడుతున్నాను, ఇదీ దాని లెక్క. తర్వాత మూడు దారులు చూపించి ఎంచుకోమంటుంది.

కారణం మరీ అంత చెత్తదేం కాదు, వందల గంటలు వాదించుకోవచ్చు. నా కోపమల్లా వాదించే టైమివ్వలేదని. దీనికి కొద్ది గంటల ముందే, అదే ఆటలో, రానోక్ గ్రహం మీద గెత్‌కీ, వాటిని తయారుచేసిన క్వేరియన్లకీ నేను సంధి కుదిర్చి వచ్చాను. (అందరికీ కుదరదు, వెనకటి ఆటలో కొన్ని పనులు సరిగ్గా చేసుండాలి.) పైగా ఆ గొడవలో మొదట చెయ్యెత్తింది క్వేరియన్లు. గెత్ గెలిచి కూడా, పారిపోయేవాళ్ళని వెంటాడలేదు. అంటే కేటలిస్ట్ సిద్ధాంతానికి బతికున్న ఎదురు సాక్ష్యం నా సేవ్ ఫైల్లోనే ఉంది. ఆ ముక్క దాని మొహాన అనడానికి నా షెపర్డ్‌కి డైలాగు లేదు!

"కొన్ని వారాల సంధి చూపించి కోట్ల ఏళ్ళ లెక్క తప్పంటావా?" అని కేటలిస్ట్ పక్షం వాళ్ళడుగుతారు. మంచి ప్రశ్నే. కానీ ఆ ప్రశ్న వేయాల్సింది కేటలిస్ట్. దాని నోటెంట వచ్చుంటే నేనీ పేచీ పెట్టేవాడినే కాదు.

ఇది చేతకాని కంపెనీ కూడా కాదు కదా. 2007లో సారెన్‌తో ఇదే పని ఎంత బాగా చేశారు! ఎదిరిస్తే అందరం చస్తాం, లొంగిపోతే కొందరమైనా బతుకుతాం అన్న తన కారణాన్ని వాడు వర్మైర్ గ్రహం మీదే చెప్పేస్తాడు. అప్పటికి ఇంకా బోలెడు కథ ఉంది. మనం వాదిస్తాం, వాడి మనసులో అనుమానం నాటుతాం. సరిగ్గా మాట్లాడగలిగితే ఆఖర్న సిటడెల్లో వాడే తన తలకి తుపాకీ పెట్టుకుంటాడు.

మన భాగవతమే తీసుకోండి. జయవిజయుల శాపం మూడో స్కంధంలోనే చెప్పేస్తారు. ప్రహ్లాదుడి కథ వచ్చేది ఏడో స్కంధంలో. హిరణ్యకశిపుడి పుట్టుక వెనకాల సంగతి ముందే తెలిసినా, స్తంభం దగ్గరికొచ్చేసరికి మన ఉత్కంఠ ఏమన్నా తగ్గిందా? అదే శాపం కథని నరసింహుడు పొట్ట చీల్చాక కొత్తవాడెవడో వచ్చి చెప్పుంటే ఎలా ఉండేది?

2012 ఆగస్టులో లెవయథన్ అని ఒక అదనపు భాగం అమ్మారు. కేటలిస్ట్‌ని తయారుచేసిన ప్రాచీన జాతి కథ అది. తాడిని తన్నేవాడి తల తన్నేవాడన్నమాట. నేను ఆడింది 2021లో వచ్చిన లెజెండరీ ఎడిషన్ కాబట్టి, ఇది అందులోనే కలిసి వచ్చింది, ముగింపుకి చాలా ముందే ఆడేశాను. అందుకని పిల్లాడు ప్రత్యక్షమైతే నాకు ఆశ్చర్యం వెయ్యలేదు, విషయం ముందే తెలుసు. దాన్ని వదిలేసి ఆడిన మా వాడికి తల తిరిగిపోయింది. కారణం ఇద్దరికీ ఒకటే, విన్న టైము వేరు. మార్చిలో డబ్బులు పెట్టి కొన్నవాడికి ఆగస్టులో మళ్ళీ డబ్బులు తీసుకుని కారణం చెప్పడమేమిటి? రిలీజయ్యాక రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంటు రాసి దానికి వేరే బిల్లు వేస్తే మన క్లయింటు ఊరుకుంటాడా?

ఇండాక్ట్రినేషన్ థియరీ వాళ్ళతో కూడా నాకు పడదు. ఆ ముగింపంతా రీపర్ల వశమవుతున్న షెపర్డ్ భ్రమేనట. తెలివైన ఊహే, కాదనను. కానీ బగ్గుని ఫీచరుగా మార్చడానికి టెస్టరు రాత్రంతా మేలుకోవడం ఎక్కడైనా ఉందా?

అప్పట్లో కొందరు విమర్శకులు అభిమానుల్ని గారాబం ఎక్కువైన పిల్లలన్నారు. ఆ పిల్లలు బయోవేర్‌కి 400 కప్ కేకులు పంపించారు. పైన ఎరుపు, నీలం, ఆకుపచ్చ క్రీము, లోపల అన్నిటికీ ఒకటే రుచి. ఇంతకన్నా మంచి బగ్ రిపోర్టు నేనింతవరకు చూళ్ళేదు. దానికి బయోవేర్ జూన్‌లో ఉచితంగా ఇచ్చిన ఎక్స్‌టెండెడ్ కట్‌లో "నాకీ మూడూ వద్దు" అనే నాలుగో దారి పెట్టారు. అది ఎంచుకుంటే అందరూ చస్తారు. గెత్ సంధి గురించి అడిగే డైలాగు మాత్రం అందులో కూడా పెట్టలేదు.

రీపర్లు సిటడెల్‌ని మొదటిరోజే ఎందుకు పట్టుకోలేదో ఎవరి దగ్గరైనా నికరమైన సమాధానముంటే చెప్పండి. షాపుల సంగతి నేను ముందే వాడేశాను, అది చెల్లదు.