నల్లరాయిని చదువుదాం – నీళ్లు దాచుకుందాం

పరీక్షలో "అగ్నిశిలకు ఒక ఉదాహరణ రాయుము" అని వస్తే అందరం బసాల్ట్ అని టక్కున రాస్తాం. ఒక మార్కు వస్తుంది. అంతటితో దాన్ని మరచిపోతాం. కానీ బసాల్ట్ పుస్తకంలోనే ఉండే వస్తువు కాదు. మనం బట్టలుతికే నల్లబండ అదే. బాయిలోకి వంగి చూస్తే కనబడే బండా అదే. దాన్ని బట్టీ పట్టుడు కాదు, కండ్లతో చూసి చదవాలని నా అభిప్రాయం. ఎందుకంటే ఎండాకాలంలో మన బోరు ఎందుకు ఎండుతుందో ఆ రాయే చెప్తుంది.

ఇది ఎట్లా పుట్టింది? సుమారు 6 కోట్ల 60 లక్షల ఏండ్ల కింద భూమి పొడుగ్గా పగుళ్లు బారింది. ఆ పగుళ్లలో నుంచి 1,100 డిగ్రీలకు పైగా కాగిన లావా పొంగి, పొర మీద పొరగా పరుచుకుంది. దాన్నే దక్కన్ ట్రాప్స్ అంటారు. స్వీడన్ భాషలో మెట్లకు ఉన్న పేరు నుంచి ట్రాప్ అనే మాట వచ్చింది. ఈ గుట్టలు దూరం నుంచి మెట్లుమెట్లుగా కనబడతాయి గదా! ఈ రాయి నేటికీ సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఉంది. పడమటి కనుమల దగ్గర దాని మందం దాదాపు 2 కిలోమీటర్లు. మన ఆదిలాబాద్ దాని అంచున ఉంది కాబట్టి ఇక్కడ పలచన. ఇంకా తూర్పుకు, బెల్లంపల్లి, మంచిర్యాల దిక్కు పోతే ఈ రాయి పోయి బొగ్గు నేలలు వస్తాయి.

లావా భూమి మీదికొచ్చి తొందరగా చల్లారింది కాబట్టి రాయిలో పలుకులు కంటికి కనబడనంత సన్నగా ఉంటాయి. ఇనుము, మెగ్నీషియం ఎక్కువ కాబట్టి రంగు నలుపు. అంతే కొలత నీళ్ల కంటే దాదాపు మూడింతలు బరువు. కొన్ని రాళ్లకు బొక్కలుంటాయి. అవి లావాలోని గాలి బుడగల గుర్తులు. ఆ బొక్కల్లో తర్వాత పేరుకున్నవే మనం ఏరుకొని జేబులో వేసుకునే తెల్లరాళ్లు. ఎండకు, వానకు ఈ బండ ఉల్లిగడ్డ పొరల్లాగ ఊడి మొరం అవుతుంది, చివరికి నల్లరేగడి అవుతుంది. అంటే మన ఇండ్లల్లో పండే పత్తి, జొన్న ఈ రాయి పెట్టిన భిక్షే. రోడ్లకు, రైలు పట్టాల కిందికి కంకర కూడా దీంతోనే. అజంతా, ఎల్లోరా గుహలు తొలిచింది కూడా ఈ రాయిలోనే.

ఇక నీళ్ల సంగతి. గట్టి నల్లబండలో నీళ్లు ఆగవు. పగుళ్లలో, పైనున్న మొరంలో, ఒక పొరకూ ఇంకో పొరకూ మధ్యన మాత్రమే ఆగుతాయి. ఆ జాగా తక్కువ. అందుకే వానాకాలంలో బాయి తొందరగా నిండుతుంది, ఎండాకాలంలో తొందరగానే అడుగంటుతుంది. "ఇంకో బోరు వేస్తే సరిపాయె" అని కొందరు అంటారు. పగులు తగలకపోతే ఎంత లోతు వేసినా దుమ్మే వస్తుంది. తగిలినా, పైనుంచి నీళ్లు దిగకపోతే ఎన్ని రోజులు వస్తాయి? తీసుడే గాని పోసుడు లేని కుండ ఎప్పటికైనా ఖాళీ అవుతుంది.

మన జిల్లాలో వాన తక్కువేం కాదు, ఏడాదికి 1,000 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. లెక్క చేసి చూడండి. 200 చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 2,000 లీటర్లు. అంటే 20 లీటర్ల బకెట్లు 100! ఒక్క వానకు అన్ని బకెట్ల నీళ్లు మన కండ్ల ముందే గేటు దాటి పోతున్నాయి. ఎండాకాలంలో ఒక్క బకెట్ కోసం మనం లైన్లో కొట్లాడుకుంటాం. చిన్న తరగతుల తమ్ముళ్లు స్నానం లేకుండానే ప్రేయర్‌కు వస్తారు.

అందుకే వార్డెన్ సార్‌కు, సైన్స్ సార్‌కు నా మనవి. కప్పు నీళ్లు పడే చోట ఒక ఇంకుడు గుంట తవ్వుదాం. రేగడి మట్టిలోనే ఆపితే లాభం లేదు, తడిస్తే అది ఉబ్బి నీళ్లను దిగనీయదు. మొరం తగిలేదాకా తవ్వాలి. మరుగుదొడ్లకు దూరంగా ఉండాలి. నింపడానికి రాళ్లు కొనే పని లేదు, చుట్టూ ఉన్నవి నల్లరాళ్లే. పెద్ద తరగతుల వాళ్లం ఆదివారాలు శ్రమదానం చేస్తాం. తవ్వేటప్పుడు రేగడి, మొరం, బండ ఒక్కో పొర నుంచి ఒక్కో ముక్క తీసి, పేరు రాసి, తరగతి గదిలో పెడదాం. వచ్చే ఏడు తమ్ముళ్లు బసాల్ట్‌ను చేత్తో పట్టుకొని చదువుతారు.

ఒక్క గుంటతో కరువు తీరదు, నిజమే. కానీ పోయే నీళ్లను చూస్తూ కూర్చునే కంటే అది మేలు కాదా? వానలు పడకముందే ఆలోచించండి.

– మీ తోటి విద్యార్థి, 9వ తరగతి